చూరు కింద సందు

బస్సులో సలహాలిచ్చే వాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం, గుంటూరులో థర్మాకోల్ షీట్లు కొని అమరావతి బస్సెక్కాను. పక్క వరసలో, ఒళ్ళో టిఫిన్ బాక్సు పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ వాటిని ఎగాదిగా చూసింది.

“పెళ్ళి స్టేజీకా బాబూ?”

“కాదండీ, మా పెంకుటింటికి. వేడి దిగకుండా అటక మీద పరుస్తాం. మిగిలిన ముక్కలు చూరు కింద సందుల్లో కుక్కేస్తే వడగాలి కూడా రాదు.”

“పరుచుకో నాయనా. సందులు మాత్రం మూయబాకు. ఇంట్లో పత్తి ఉంది కదాని మేమూ అట్టాగే కుక్కాం. వానలు పడేసరికి అటకంతా చెమ్మ. విత్తనానికి దాచిన మిరపకాయలు బూజు పట్టినయ్, వాసాలు నల్లబడినయ్.”

“పెంకులు కారుంటాయిలెండి” అన్నాను.

ఆవిడ బాక్సు మూత తీసి నా వైపు తిప్పింది. వేడి ఇడ్లీల ఆవిరి మూత లోపలంతా బొట్లు కట్టి ఉంది. ఒక బొట్టు నా మోకాలి మీద పడింది. ఆవిడ నవ్వి, ఈసారి మూత వారగా పెట్టింది.

అటక మీద షీట్లు పరిచాం గానీ, చూరు కింద సందు అలాగే వదిలేశాను. వాసాలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. మధ్యాహ్నాలు హాయిగా నిద్ర పడుతుంది. ఆవిడ పేరు నేను అడగలేదు. ఆ సందులోకి పిచ్చుకలు దూరినప్పుడల్లా మా ఆవిడ మాత్రం, “మీ బస్సు పెద్దమ్మగారి చుట్టాలు దిగారండీ” అంటుంది.