పిక్కల వెనక డబ్బా

మా ఇంట్లో చక్కెర డబ్బా తెరిస్తే గిటారు మీటే ప్లాస్టిక్ ముక్క చేతికొస్తుంది. దిండు కింద తుప్పు పట్టిన తెగిన తీగలుంటాయి. ఒకరోజు స్నానాల గదిలో సబ్బు పెట్టుకునే చోట, కాలితో నొక్కితే గిటారు గొంతు మార్చే ఇనప డబ్బా ఒకటి కనిపించింది. దాని బ్యాటరీలోంచి కారిన పచ్చటి జిగురు నా సబ్బుకు అంటుకుని ఉంది. ఛీ! ఆ సబ్బును రెండు వేళ్లతో పట్టుకెళ్లి, ఆ డబ్బాతో సహా మా ఆయన ముందు పెట్టాను. "అరే, దీనికోసమే వెతుకుతున్నా" అంటూ డబ్బా ఒక్కటీ తీసుకున్నాడు. సబ్బు అక్కడే వదిలేశాడు.

పగలు మా ఆయన కళ్లజోళ్ల షాపులో పని చేస్తాడు. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగా కనపడుతుందా, ఇందాకటిదా?" అని ఎంతో ఓపిగ్గా అడుగుతాడట. ఆ ఓపికంతా అక్కడే ఖర్చయిపోతుంది కాబోలు. శనివారం సాయంత్రాలు ఒక హోటల్లో, భోజనాల హాలు చివర ఉన్న చిన్న వేదిక మీద, పాటల బృందంలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. ఆ శనివారం కోసమే మిగతా వారమంతా బతుకుతాడు. ఇది వెటకారానికి అంటున్న మాట కాదు.

ఆయన బాధల్లా ఒక్కటే, తన గిటారు మోత తనకే రోత. "తడి దుప్పటి కప్పి వాయించినట్టుంది. ఎంత ట్రెబుల్ పెంచినా పదును రాదేం?" అని తల పట్టుకుంటాడు. తీగలు మార్చాడు, వైర్లు మార్చాడు. గిటారు పొట్ట విప్పి లోపలి అయస్కాంతాలు మార్చాడు. ఆ టంకం కంపు వారమైనా పడగ్గదిని వదల్లేదు. ఏం మార్చినా చివరికి చేసేది మాత్రం ఒకటే, మోతకు పదును పెంచే ఆ ట్రెబుల్ నాబ్‌ను ఇంకాస్త తిప్పడం.

ఇంట్లో ఆయన వాయించే తీరు చెబుతాను. స్పీకరు డబ్బా నేల మీద ఉంటుంది. దానికి వీపు పెట్టి, అడుగు దూరంలో ఆయన నిలబడతాడు. ఆ మోత ఆయన పిక్కలకు తగిలి, కాళ్ల సందులోంచి సూటిగా వంటగది గుమ్మం దాకా వస్తుంది. గుమ్మంలో చిన్న పీట మీద కూరగాయలు తరుగుతూ నేనుంటాను. చెవుల్లో మేకులు దిగగొట్టినట్టుంటుంది.

"ఏవండీ, చెవులు చిల్లులు పడుతున్నాయి!"

"మొద్దుగా ఉందని నేనేడుస్తుంటే మధ్యలో నీ గోలేమిటి?"

"మొద్దేమిటి, నా మొహం! పళ్లు జివ్వుమంటున్నాయి."

"నీకు సౌండ్ గురించి ఏం తెలుసు? తలుపేసుకో."

వేసుకునేదాన్ని. ఇలా ఒకరోజు కాదు, రోజూ.

ఒక ఆదివారం, ఆ బృందాన్ని నడిపే పాటగాడు మా ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చోబోయి, తీగ ముక్క గుచ్చుకుని చటుక్కున లేచాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"అన్నా, మేనేజరు గొణుగుతున్నాడు. వేదిక ముందున్న బల్లల దగ్గర ఎవరూ కూర్చోవట్లేదట. ఈ శనివారం కూడా ఇలాగే ఉంటే ఇంకొకళ్లని చూసుకోమన్నాడు. నీ గిటారు సంగతేదో చూడన్నా."

సంగతి చూడమంటే ఈయనకు అర్థమైంది ఒక్కటే, కొత్తది కావాలని. మర్నాడే పాత గిటారును వాద్యాల షాపులో ఇచ్చేసి తళతళలాడే కొత్తది మార్చుకొచ్చాడు. పాతదాని మెడ మొదట్లో, పొరపాటున నేను ఇస్త్రీపెట్టె ఆనించిన మచ్చ ఉండేది. ఆ మచ్చ పడినందుకు రోజుల తరబడి నాతో మాట్లాడని మనిషి, ఆ గిటారునే అంత తేలిగ్గా వదిలించుకున్నాడు.

ఆ శనివారం నేనూ వెళ్లాను. కొత్త గిటారు ఇలా మోగిందో లేదో, ముందు బల్ల దగ్గర ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. తల్లి పిల్లను ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది. ఒక పెద్దాయన చెవి మిషను పీకి జేబులో వేసుకున్నాడు. మా ఆయన మొహం చిట్లించి, అక్కడా పిక్కల వెనకే ఉన్న స్పీకరు డబ్బా మీదికి వంగి, ట్రెబుల్ ఇంకా పెంచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కార్యక్రమం అయ్యాక పాటగాడు నేల చూపులు చూస్తూ, "కొన్నాళ్లు రెస్ట్ తీసుకో అన్నా" అన్నాడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే హాయిగా ఉంటుందనుకున్నాను. హాయా, పాడా! మనిషి అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. షాపులో ఒకావిడకు ఎడమ అద్దం కుడివైపు బిగించి తిట్లు తిన్నాడు. చివరికొక శనివారం, "నా చోట్లో ఎవరొచ్చారో చూసొద్దామా?" అన్నాడు. పాపం అనిపించి బయల్దేరాను.

ముందు బల్ల దగ్గరే చోటు దొరికింది. కొత్తాయన బట్టతల మనిషి, టైర్ల షాపులో పని చేస్తాడట. వస్తూనే హోటల్ వాళ్ల స్పీకరు డబ్బాను నేల మీంచి ఎత్తి కుర్చీలో పెట్టాడు. వెనక్కి వాల్చి, తన చెవి వైపు తిప్పుకున్నాడు. ఒకసారి మీటి, మొహం ముడిచి, ట్రెబుల్ బాగా తగ్గించాడు. ఆ తర్వాత వాయించాడు.

అబ్బ, ఏం చెప్పను! గిటారు నాకు నచ్చడం అదే మొదటిసారి. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇదే. ఇన్నాళ్లూ నేను వెతికింది ఇదే. ఆ గిటారేదో కనుక్కోవాలి."

"కనుక్కోవడమెందుకు? మెడ మొదట్లో చూడండి."

చూశాడు. ఇస్త్రీ మచ్చ. తను ఇచ్చేసిన గిటారే.

పాటల మధ్య విరామంలో మా ఆయన ఆ కొత్తాయన దగ్గరికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను.

"డబ్బా కుర్చీలో పెట్టారేమండీ?"

"మోకాళ్లకు చెవులుండవు కదండీ!" అని ఆ మనిషి నవ్వాడు. "కింద పెడితే మనకు మొద్దుగా వినపడుతుంది. ట్రెబుల్ పెంచేస్తాం. ఎదురుగా కూర్చున్నవాళ్ల ప్రాణం పోతుంది." ఎవరితో అంటున్నాడో పాపం ఆయనకు తెలియదు.

మా ఆయన వచ్చి కూర్చున్నాడు. మళ్లీ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు ఇన్నేళ్లూ అలాగే వినపడిందా?"

"ఆఁ."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

నాకు రోత పుట్టింది. ముక్కూ మొహం తెలియనివాళ్లను "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని రోజంతా అడిగే మనిషి, నన్ను అడగడం ఇదే మొదటిసారి. అదీ ఇలా.

"రోజూ చెప్పాను. తలుపేసుకోమన్నారు."

ఏదో అనబోయాడు. నేను చెయ్యి విడిపించుకుని వేదిక వైపు తిరిగాను. అప్పటికే తర్వాతి పాట మొదలైంది.