విమానం పోయినంక పాట

తలమీద విమానం పోతుంటే తౌఫీక్ పాడడు. ఏ మాట మీదుంటే ఆ మాట మీద, ఏ అక్షరం మీదుంటే ఆ అక్షరం మీద ఆపేస్తాడు. విమానం తన నెత్తిన పడుతుందని కాదు అతని భయం. తను పెట్టిన కేకకు పైనున్న పైలట్ ఉలిక్కిపడతాడేమోనని. రాక్ పాటగాడి గొంతు ఎంత ఎత్తుకు పోతుందో ఎవరు కొలిచారు?

ఇలాంటి భయమున్నవాడు ఏ అడవిలోనో పుడితే సరిపోయేది. తౌఫీక్ శంషాబాద్‌లో పుట్టాడు. డాబా ఎక్కితే ఎయిర్‌పోర్టు గోడ కనిపిస్తుంది. ఆరేసిన బట్టల మీద విమానం నీడ పడుతుంది. చెరువులో పుట్టిన చేపకు జలుబు చేసినట్టుండేది అతని బతుకు.

అతని బ్యాండు పేరు రాళ్లగుట్ట. గగన్‌పహాడ్‌లో మూతపడ్డ బిస్కెట్ ఫ్యాక్టరీ రేకుల షెడ్డును కిరాయికి తీసుకొని అందులో సాధన చేసేవాళ్లు. పాట, గిటారు తౌఫీక్‌వి. బేస్ గిటారు, పెత్తనం శ్రీకాంత్‌వి. డ్రమ్ములు రవీందర్‌వి. పాట మంచి ఊపు మీదుంటుంది, దూలాల మీది పాత బిస్కెట్ పొడి జలజలా రాలుతుంటుంది, సరిగ్గా అప్పుడు తౌఫీక్ అరచెయ్యి పైకి లేస్తుంది. కళ్లు కప్పు మీద, పెదవుల మీద దువా. విమానం దాటిపోయాక తెల్లబూటు కాలితో నేలమీద ధన్, ధన్, ధన్ అని మూడు దెబ్బలు కొట్టి, ఆగిన అక్షరం నుంచే మళ్లీ ఎత్తుకుంటాడు.

"అది దిగుతున్నదిరా తౌఫీక్, పడుతలేదు" అని శ్రీకాంత్ మొత్తుకునేవాడు.

"దిగుడుకు పడుడుకు పెద్ద ఫరక్ లేదన్నా. ఆఖర్ల మెల్లగయితే దిగుడు. అంతే."

ఒక్కోసారి శ్రీకాంత్ చెవులు రిక్కించి మరీ అడిగేవాడు. "ఇప్పుడేది విమానం? నాకేం వినవస్తలేదు."

"భయపడేటోనికి ముందుగల్ల వినవస్తదన్నా."

ఈ పిరికితనాన్ని అందరూ తిట్టేవారు, ఒక్క రవీందర్ తప్ప. రవీందర్‌కు అంతకంటే పెద్ద భయం ఒకటుంది. తండ్రి సోమయ్య పెళ్లి బ్యాండులో పక్కన నిలబడి చిన్నప్పటినుంచి వాయించీ వాయించీ అతని ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది పోయే దారిలో ఉంది. చుట్టూ చప్పుడు పెరిగితే గిటారు వినపడదు, తాళం తప్పుతుంది. దవాఖానలో చెవికి మిషన్ పెట్టుకొమ్మన్నారు. పెట్టుకుంటే నలుగురికీ కనపడుతుందని పెట్టుకోలేదు. భార్య అఖిలకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"వాళ్లకు చెప్పరాదా?" అనేది అఖిల.

"చెప్పినంక ఎవలుంచుకుంటరే? కండ్లు లేనోని చేతికి బస్సు ఇస్తరా?"

రేకుల షెడ్డు మీద విమానం పోతే అతనికి ప్రపంచమంతా ఒకటే హోరు. ఆ హోరులో పాట ఆగడం, హోరు పోయాక ఎదురుగా తెల్లబూటు మూడుసార్లు లేచి పడటం, అది చూసి అందుకోవడం. రవీందర్ నౌకరీ మొత్తం తౌఫీక్ పిరికితనం మీద నడుస్తోంది. పంటకు వాన కావాలని మొక్కుకునే రైతులా అతను ఆ భయం ఎప్పటికీ తగ్గకూడదని లోలోపల మొక్కుకునేవాడు.

ఒకరోజు రవీందర్ షెడ్డుకు వెళ్లేసరికి తౌఫీక్ లేడు. గిటారు కూడా లేదు.

"ఏమైందన్నా?"

"ఏమైతది. భయమైంది, పోయిండు" అన్నాడు శ్రీకాంత్, రవీందర్ మొహంలోకి చూడకుండా. "ఇగ మనం విమానానికి ఆగేది లేదు."

ఆగలేదు. మొదటి విమానం రాగానే రవీందర్ పాటలో దారితప్పాడు. అందరూ ఒక ఊరికి పోతుంటే అతని డ్రమ్ములు ఇంకో ఊరికి పోయాయి. మరుసటి వారం అతని కుర్చీ ఉన్నచోట తాళం కొట్టే మిషన్ ఒకటి, ఎర్రలైటు మినుకుమినుకుమంటూ కూర్చొని ఉంది.

"కొన్ని దినాలు ఆరాం చెయ్యి రవీ" అన్నాడు శ్రీకాంత్. ఆ ఆరాంకు చివర ఉండదని రవీందర్‌కు తెలుసు.

అటు తౌఫీక్ తన డాబా మీద కూర్చొని 'జర ఆగు' అని ఒక పాట కట్టాడు. చెల్లెలు అల్ఫియా రికార్డు చేసింది. రెండో చరణంలో "ఉరికే ఊరా, జర ఆ" అనేసరికి విమానం వచ్చింది. అతను ఆగాడు. అది పోయాక ధన్, ధన్, ధన్. తర్వాత "గు" అన్నాడు.

"ఆ నడిమిట్లది కోసెయ్యి" అన్నాడు తౌఫీక్.

"కోస్తే నువ్వు కానట్టుంటది భాయ్" అని అల్ఫియా అట్లాగే వదిలింది.

జనానికి పాట నచ్చింది. ఆ గ్యాప్ పిచ్చెక్కించింది. బస్సుల్లో, హోటళ్లలో ఆ చోటు రాగానే మాటలాపి పైకి చూడటం మొదలుపెట్టారు. నిజామాబాద్‌లో ఒక బారాత్‌లో గుర్రం కూడా ఆగిందని చెప్పుకున్నారు. బ్యాండుతో ఉన్నన్నాళ్లు మూడు వీధులు దాటని గొంతు, బ్యాండు వదిలాక తెలుగు పాటల చార్టులో ఒకటో నంబరుకెక్కి కూర్చుంది.

వేరేవాడైతే మిఠాయి పంచేవాడు. తౌఫీక్ జ్వరం తెచ్చుకొని పడుకున్నాడు.

"ఒకటో నంబరు మీదికెళ్లి ఎటు పోతం? దిగుడే కదా. జర జోరుగయితే పడుడు."

జ్వరం తగ్గాక నేరుగా రవీందర్ ఇంటికొచ్చాడు. "అన్నా, అత్తాపూర్‌ల పెద్ద షో ఉంది. డ్రమ్ములు నువ్వే."

రవీందర్ అడ్డంగా తలూపాడు. "నేనెందుకు తమ్మీ, ఇంకెవరినన్నా చూసుకో."

"కొత్తోడంటే నాకు భయమన్నా. వాడు ఏ దిక్కు చూస్తడో ఏమో. నువ్వయితే నా బూటు దిక్కు చూస్తవ్."

రవీందర్ ఉలిక్కిపడి అతని మొహం చూశాడు. తౌఫీక్ అప్పటికే గోడమీది బల్లిని చూసి అఖిల వెనక్కి పోయి నిలబడ్డాడు.

అత్తాపూర్‌లో అది ఏసీ ఫంక్షన్ హాలు. తలుపులు మూస్తే బయట పిడుగు పడినా తెలియదు. రవీందర్‌ను వణికించింది అదే. విమానాలు వినపడని చోట పాట ఆ ఒక్క గ్యాప్ దగ్గర తప్ప ఆగదు, పాట ఆగకపోతే తను దొరికిపోతాడు. ఈసారి రేకుల షెడ్డులో కాదు, వేలమంది ముందు.

తెర వెనకకు శ్రీకాంత్ వచ్చాడు, శుభాకాంక్షలు చెప్పినట్టే చెప్పి పుల్లవిరుపు మాటలు మొదలుపెట్టాడు.

"నీ దోస్తుకు భయం తగ్గిందా? నాడు తాళం కొట్టే మిషన్ తెస్త అంటే షాక్ కొడతదని ఒకటే లొల్లి. మిషనొస్తే నేనుండ అన్నడు, పోయిండు. కరెంటుకు భయపడేటోడు గిటారు ఎట్ల పట్టిండో."

రవీందర్ ఆ మాట సరిగ్గా ఆలోచించేలోపే తెర లేచింది.

'జర ఆగు' మొదలవగానే హాలు మొత్తం గొంతు కలిపింది. రవీందర్‌కు మళ్లీ అదే హోరు. బూటు కోసం చూశాడు. వేదిక మీదికి వదిలిన పొగ మోకాళ్లదాకా లేచింది. బూటు లేదు. ఒక దెబ్బ జారింది. ఇంకోటి జారింది. అయిపోయింది అనుకున్నాడు.

అప్పుడు తౌఫీక్ అరచెయ్యి పైకి లేచింది.

పాట ఆగింది. హాలు ఆగింది. ఇంకా మొదటి చరణమే, గ్యాప్ రావాల్సిన చోటు కాదది. అయినా జనమంతా మెడలెత్తి కప్పుకేసి చూశారు. పైన ఒక షాండ్లియర్ తప్ప ఏమీ లేదు. తౌఫీక్ కళ్లు దానిమీదే పెట్టి, దువా గొణుగుతూ, వెనక్కి వెనక్కి నడిచి, పొగలోంచి డ్రమ్ముల అరుగు ఎక్కాడు. తెల్లబూటును రవీందర్ ముక్కు ముందర పెట్టాడు. ధన్, ధన్, ధన్.

చెక్క అదిరింది. రవీందర్ అరికాళ్లకు తాళం తెలిసింది. అందుకున్నాడు. ఆపైన పాట అయిపోయేదాకా తౌఫీక్ ఆ అరుగు దిగలేదు, అక్కడే కాలితో తాళం వేస్తూ పాడాడు. చప్పట్లకు షాండ్లియర్ ఊగింది. దాన్ని చూసి తౌఫీక్ నిజంగానే హడలిపోయి పక్కకు జరిగాడు.

మర్నాడు పొద్దున శంషాబాద్‌లో ఇద్దరూ చాయ్ బండి దగ్గర నిలబడ్డారు. తౌఫీక్‌ను తన కుడిపక్కన నిలబెట్టుకున్నాడు రవీందర్.

"ఎప్పటిసంది తెలుసు తమ్మీ?"

"ఏది?"

"నా చెవి."

తౌఫీక్ చాయ్‌ని చాలాసేపు ఊదాడు. "దవాఖానకు పోదాం అన్నా. చెవికి మిషన్ పెట్టించుకో. ఆ మిషన్‌కయితే నేను భయపడ. నువ్వు తప్పినప్పుడల్ల విమానాలు పుట్టించుడు నాతోని అయితలేదు."

రవీందర్‌కు షెడ్డులో శ్రీకాంత్‌కు వినపడని విమానాలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది, కళ్లు మండాయి. నవ్వునే బయటికి రానిచ్చాడు.

"అయితే విమానం భయమంతా అబద్ధమేనా?"

"అ" అన్నాడు తౌఫీక్, అంతే. అరచెయ్యి పైకి లేచింది. చాయ్ గ్లాసు వదిలేసిన రెండో చేత్తో రవీందర్ భుజం గట్టిగా పట్టుకొని కళ్లు మూసుకున్నాడు. చాయ్ చొక్కా మీద ఒలికింది. ఇది పుట్టించిన విమానం కాదు.

రవీందర్‌కు ఆ చప్పుడు దూరపు గొణుగుడులా మాత్రమే వినపడింది. అది పోయిందో లేదో చెవులతో తేల్చుకోలేక తలెత్తి చూశాడు. పెద్ద విమానం ఎయిర్‌పోర్టు గోడ అవతల మెల్లగా, భద్రంగా దిగింది. అది పూర్తిగా దిగిందని రూఢి చేసుకున్నాకే, తన చెప్పుకాలితో నేలమీద ధన్, ధన్, ధన్ అని మూడు దెబ్బలు కొట్టాడు.

తౌఫీక్ కళ్లు తెరిచి, ఆగిన అక్షరం నుంచే ఎత్తుకున్నాడు.

"బద్ధమెందుకయితదన్నా."