నేను శుభ్రం చేసిన డ్రైవరు

ఆ రోజుల్లో మా టెక్కలి వైపు కంప్యూటరు తెలిసినవాడంటే ఊళ్ళో ఒక రకమైన గౌరవం ఉండేది. టీవీలో బొమ్మ రాకపోయినా, మిక్సీ తిరక్కపోయినా, చివరికి బోరు మోటారు నీళ్ళు లాగకపోయినా మమ్మల్నే పిలిచేవారు. మేమూ మొహమాటం లేకుండా వెళ్ళేవాళ్ళం. ఏదీ బాగుచేయకుండా తిరిగొచ్చినా ఆ గౌరవం ఇసుమంతైనా తగ్గేది కాదు ("కంప్యూటరోడే సేయలేకపోయేడంటే ఇంక అది పోయినట్టే" అని వాళ్ళే సర్దుకునేవారు). ఇలాంటి గాలి ఇరవై మూడేళ్ళవాడికి తగిలితే తలకెక్కకుండా ఉంటుందా? నాకు కాస్త ఎక్కువగానే ఎక్కింది. అప్పటికి నేను దగ్గర్లోని ఒక ఇంజనీరింగు కాలేజీ ల్యాబ్‌లో టెంపరరీ ప్రోగ్రామర్ని. టెంపరరీ అన్న మాటని మాత్రం ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ల్యాబ్‌కి పెద్ద దిక్కు మా మేడమ్. కవిటి కొబ్బరి రైతుల ఇంటి ఆడపిల్ల, నలభై దాటిన మనిషి, నూలు చీర, కళ్ళద్దాలకి తాడు. పిల్లలు ఆవిడకి పెట్టుకున్న పేరు నిదానం మేడమ్. ఎందుకంటే ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుంటే ముందు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకునేవారు. పది నిమిషాలు తెర చదివేవారు. తర్వాత ఒక లైను కొట్టి, మళ్ళీ చేతులు ఒళ్ళోకి. నేనేమో కీబోర్డు మీద రెండు చేతులా వడగళ్ళ వాన కురిపించేవాణ్ణి. వరండాలోకి వినబడితేగానీ పని చేసినట్టు అనిపించేది కాదు నాకు. మేడమ్‌ది పాత తరం అనీ, పాపం అంతకన్నా వేగం రాదనీ మనసులో జాలి కూడా పడేవాణ్ణి. (ఆ జాలి గురించి తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

ఒకసారి ల్యాబ్‌కి కొత్తగా పది కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందే ముప్ఫై ఉన్నాయి, అన్నీ లైనక్స్ మీద నడిచేవే. కంప్యూటరు వెనక నెట్‌వర్కు తీగ గుచ్చే చోట ఒక కార్డు ఉంటుంది కదా, దాన్ని నడిపే ప్రోగ్రామునే డ్రైవరంటారు. తీగ గుచ్చగానే కార్డు అవతలి కొసనున్న స్విచ్చితో (కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె అది) "నేను పది, వంద, వెయ్యి వేగాల్లో మాట్లాడగలను, నీ సంగతేటి?" అంటుంది. అది తన సంగతి చెబుతుంది. ఇద్దరికీ కుదిరిన పెద్ద వేగం దగ్గర ఒప్పందమవుతుంది. ఏ కార్డు ఏయే వేగాలు పలకాలో చెప్పేది డ్రైవరే. కొత్తవాటి కార్డూ పాత కంపెనీదే, రకం మాత్రం వేరు. "ఆ కొత్త రకం నంబరు డ్రైవర్లో ఒక లైను చేర్చీ నాన్నా, చాలు" అన్నారు మేడమ్.

ఒక్క లైను! అప్పుడే నేను ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న పుస్తకంలో రీఫ్యాక్టరింగ్ గురించి చదువుతున్నాను. నడిచే కోడుని, అది చేసే పని మారకుండా, లోపల చక్కగా సర్దడం. ఆ మాట ఎంత నచ్చేసిందంటే రోజుకి పదిసార్లు వాడేవాణ్ణి. అమ్మ "ఏటి సేత్తన్నావురా ఆడ" అని అడిగితే "రీఫ్యాక్టరింగమ్మా" అన్నాను. అమ్మ వీధంతా తిరిగి "మావోడు పలాసలో ఏదో ఫ్యాక్టరీలో సేరేడు" అని చెప్పొచ్చింది. పలాసలో ఫ్యాక్టరీ అంటే జీడిపప్పు ఫ్యాక్టరీయే కదా, వారం రోజుల పాటు చుట్టాలు నన్నాపి పప్పు గుళ్ళు తెమ్మనీ, విరిగిన బద్దలైనా పరవాలేదనీ చెప్పేవారు.

డ్రైవరు తెరిచి చూస్తే నిజంగానే చిట్టడవి. ఏ కార్డుకి ఎంత వేగమన్న సంగతి నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాసి ఉంది. ఈ రకమైతే ఇది, కాకపోతే అది, అదీ కాకపోతే మరోటి, అంటూ రెండు వందల లైన్లు. నేను నడుం కట్టాను. నాలుగు చోట్లదీ ఒకచోటికి తెచ్చి, ఒక పట్టిక వేసి, ఎడమవైపు కార్డు రకం, కుడివైపు వేగాలు, అందరూ వచ్చి ఆ పట్టికనే అడిగేలా కట్టాను. రెండు వందల లైన్లు నలభైకి దిగాయి. మధ్యలో ఒకచోట మాత్రం ఒక వింత షరతు తగిలింది. కార్డు ఫలానా రకమై, అది అతికించిన బోర్డు నంబరు కూడా ఫలానా అయితే, వెయ్యి వేగం పలకొద్దు అని. పక్కన ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. చిప్పు వెయ్యి చేయగలదని కంపెనీ కాగితంలోనే ఉంటే వద్దనడానికి వీడెవడు? ఎవడో బద్ధకస్తుడు మర్చిపోయి వదిలేసిన చెత్త అని తీసి పారేశాను. పని చేస్తోందా అని చూశాను, చేస్తోంది. ముప్ఫై పాత కంప్యూటర్లలోనూ పది కొత్తవాటిలోనూ ఎక్కించాను. అంతటితో ఆగానా? శుభ్రం పూర్తి కావాలని పాత డ్రైవరు కాపీలన్నీ, మేడమ్ సర్వరులో దాచిన కాపీతో సహా, చెరిపేశాను.

గురువారం పొద్దున్న కొత్త స్విచ్చిలు వచ్చాయి. అంతవరకూ ఉన్నవి వంద వేగానివి, ఇవి వెయ్యివి. పాతవాటిని డీలరు మార్పిడి కింద ఆటోలో వేసుకుని పట్టుకుపోయాడు. శనివారం తొమ్మిదింటికి ఒక కంపెనీవాళ్ళొచ్చి మా ఫైనలియర్ పిల్లలకి ఆ ల్యాబ్‌లోనే కంప్యూటరు పరీక్ష పెడుతున్నారు. ఆ కాలేజీకి ఉద్యోగాలివ్వడానికి ఒక కంపెనీ రావడం అదే మొదలు. కొత్త స్విచ్చిలు పెట్టి కరెంటు ఇచ్చాం. పది కొత్త కంప్యూటర్లు వెనకాల తీగ దగ్గరుండే చిన్న దీపం వెలిగించుకుని హాయిగా కూర్చున్నాయి. ముప్ఫై పాతవి మాత్రం వెలగడం, ఆరడం, వెలగడం, ఆరడం. గదంతా పెళ్ళి పందిరిలా ఉంది.

నేను తొణక్కుండా "తీగలు బాలేవు" అని తీర్పు చెప్పాను. తీగలేసినాయన్ని అందరం వైర్ల మావ అనేవాళ్ళం, యాభై ఏళ్ళ మనిషి, తన పని మీద ఈగ వాలనివ్వడు. ముప్ఫై తీగలకీ రెండు కొసలా తలకాయలు మళ్ళీ వేయించాను. అన్నీ మీటరు పెట్టి చూపించాడు, ఒక్కో దాని లోపలుండే ఎనిమిది సన్న తీగలకి ఎనిమిదీ బాగున్నాయి. దీపాలు మాత్రం తమ దారి తమదే. మావ కటింగు ప్లేరు నా టేబులు మీద పెట్టి, "సూడు బావూ, అరవై తలకాయలు కోసేను. ఇంక మిగిలింది నీదే" అన్నాడు.

మేడమ్ అప్పుడు నా పక్కకొచ్చి కూర్చున్నారు. "డ్రైవర్లో ఏటి మార్చేవు?"

"ఏమీ మార్చలేదండి. శుభ్రం చేశానంతే."

"శుభ్రమంటే ఏటి తీసేవు?"

ఆ వింత షరతు సంగతి చెప్పాను. బోర్డు నంబరేమిటి అన్నారు. గుర్తు లేదన్నాను. పాత కాపీ ఏదీ అన్నారు. చెప్పాను. ఆవిడ తిడతారని భుజాలు బిగించుకుని కూర్చున్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "సరే" అన్నారు. తిట్టినా బాగుండేది.

పాత కంప్యూటర్లతో పాటు వచ్చిన, అసలు డ్రైవరున్న సీడీ కాలేజీలో ఎప్పుడో గీతలు పడి మూగబోయింది. సరిగ్గా అదే లాటు కంప్యూటర్లు పలాసలో మా బావ ఇంటర్నెట్ సెంటరులో నాలుగున్నాయి (బావంటే మా పెదనాన్న అల్లుడు). శుక్రవారం పొద్దున్నే మొదటి బస్సెక్కి పలాసలో దిగాను. "సీడీయా? పూండిలో ఫోటో స్టూడియో వోడికిచ్చేసేను గదా" అన్నాడు బావ. నేను ఆటో పట్టుకుని పూండి వెళ్ళాను. స్టూడియో ఆయన పెళ్ళికూతురికి పూలజడ సర్దుతూ, ఫోటో తీసేదాకా నన్ను రిఫ్లెక్టరు గొడుగు పట్టుకుని నిలబడమన్నాడు. నిలబడ్డాను. అయ్యాక తాపీగా "అది పనికిరాని సీడీ అనుకుని మా తమ్ముడి ఆటోకి ఎనకాల కట్టీసేను. సీకట్లో లారీవోళ్ళకి మెరుత్తాదని" అన్నాడు. ఆ తమ్ముడు వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డుకి చేపల బుట్టల కోసం వెళ్ళాడట. నేనూ వెళ్ళాను. జీడితోటల మధ్య నుంచి, ఇసుకలో దిగబడుతూ చివరికి ఒడ్డు చేరేసరికి అక్కడ ఆటోలు ఆరున్నాయి, ఆరింటికీ వెనకాల సీడీలు తళతళలాడుతున్నాయి. బుట్టలెత్తుతున్న ఆడవాళ్ళు, నేను ఒక్కో ఆటో వెనక వంగి చదువుకోవడం చూసి, "ఎవులు బాబూ నువ్వు, పోలీసోడివా?" అన్నారు. "కాదమ్మా, డ్రైవరు కోసం వెతుకుతున్నాను" అన్నాను. ఆరుగురు ఆటోవాళ్ళూ పరిగెత్తుకొచ్చారు.

సీడీ దొరికింది. ఉప్పుగాలికి నిగారింపు పోయి, మధ్యలో మేకు కన్నం ఇంకోటి పడి, అది ఏ కంప్యూటరూ నోట పెట్టుకునే స్థితిలో లేదు. అయినా రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. వట్టి చేతులతో వెళ్ళడానికి మొహం చెల్లలేదు. పలాస వరకూ చేపల ఆటోలో, అక్కణ్ణించి బస్సులో వచ్చాను. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు.

కాలేజీకొచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఉద్యోగం పోయిందని నాకు ఖాయమైపోయింది. దానికన్నా వరండాలో ఇస్త్రీ చొక్కాలేసుకుని రేపటి పరీక్షకి ప్రశ్నలు బట్టీ పడుతున్న పిల్లల మొహాలు చూడ్డం కష్టమైంది, తల దించుకుని ల్యాబ్‌లోకి దూరాను. ల్యాబ్‌లో మేడమ్ ఒక పాత కంప్యూటరు పెట్టె విప్పి, టార్చిలైటు వేసి, నెట్‌వర్కు తీగ గుచ్చే సాకెట్టులోకి చూస్తున్నారు. పక్కన వైర్ల మావ.

"నాన్నా, ఇటు రా. ఇందులో ఎన్ని పిన్నులున్నాయో లెక్కెట్టు."

వంగి చూశాను. ఎనిమిది ఉండాల్సిన గాడిలో నాలుగే ఇత్తడి పుల్లలు మెరుస్తున్నాయి. మిగతా నాలుగు చోట్లా ఖాళీ.

మేడమ్ నిదానంగా చెప్పారు. "కొత్తవి నడుస్తన్నాయి. పాతవి, పాత స్విచ్చి మీద నడిచేయి. అంటే తేడా వెయ్యి వేగం దగ్గరే ఉంది. చిప్పు వెయ్యి చేయగలనంటోంది, అబద్ధం కాదు. స్విచ్చీ అంటోంది. ఇద్దరూ ఒప్పుకుంటన్నారు. ఒప్పుకున్నాక పని జరగట్లేదంటే, వాళ్ళిద్దరి మధ్యా ఏదో లేదన్నమాట. తీగలో ఎనిమిదీ ఉన్నాయని మావ చూపించేడు. ఇంక మిగిలింది ఈ సాకెట్టే కదా. వందకి నాలుగు తీగలు చాలు, వెయ్యికి ఎనిమిదీ కావాలి. ఈ బోర్డు చేసినోళ్ళు ఖర్చుకి చూసుకుని నాలుగే వేసేరు. ఆ సంగతి తెలిసినోడెవడో ఆ షరతు రాసేడు. ఎందుకో రాయలేదు, అదొక్కటే అతని తప్పు."

నేను ఉప్పుగాలిలో ఊళ్ళన్నీ తిరిగొచ్చిన ఆ రోజంతా ఆవిడ ఒకే కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కారణం కానివి ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ ఈ నాలుగు పిన్నుల దగ్గరికి చేరారు. బోర్డు నంబరు కూడా ఎక్కడికీ పోలేదు, కంప్యూటర్నే అడిగితే చెబుతుందట. ఒక కమాండు కొట్టి చూపించారు. నా జేబులోని సీడీని ఇంకాస్త లోపలికి తోసుకున్నాను.

ఆవిడ నా పట్టిక తెరిచారు. పాత అడవి మళ్ళీ రాయిస్తారనుకున్నాను. "పట్టిక చక్కగా వేసేవు. నాలుగు చోట్ల వెతుక్కోకుండా ఒకచోటే దొరికింది నాకు. ఇది ఉంచుదాం" అని, పట్టికలో బోర్డు నంబరుకి ఇంకో గడి చేర్చి, ఆ షరతు నా చేతే కొట్టించారు. పైన రెండు లైన్లలో కారణం కూడా రాయించారు, సాకెట్టులో నాలుగే పిన్నులు ఉన్నాయని, కళ్ళతో చూశామని. మొదటి కంప్యూటర్లో ఎక్కించాను. దీపం వెలిగింది. ఆరుతుందని నలుగురం (ప్రిన్సిపాలు గారు కూడా ఎప్పుడొచ్చారో వచ్చారు) ఊపిరి బిగబట్టి చూశాం. ఆరలేదు.

"ఏం జరిగిందండీ అసలు?" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"డ్రైవర్లో ఒక లైను పోయిందండి. దొరికింది."

"ఎవరు పోగొట్టారు?"

"మా ల్యాబే" అన్నారు మేడమ్. అక్కడితో ఆ మాట అయిపోయింది. వైర్ల మావ మాత్రం నా వైపు చూసి గట్టిగా దగ్గాడు.

శనివారం పరీక్ష జరిగింది. నలభై కంప్యూటర్లలో ఒక్కటీ కన్ను మూయలేదు. పదకొండు మందికి ఉద్యోగాలొచ్చాయి. వాళ్ళలో ఒక్కరికీ ఆ నాలుగు పిన్నుల సంగతి తెలియదు.

తర్వాత నేను అదే వృత్తిలో పడ్డాను. జుట్టు నెరిసేదాకా డ్రైవర్లే రాశాను. రెండేళ్ళ కిందట పలాస స్టేషన్లో, ప్లాట్‌ఫారం బెంచీ మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిణ్ణి చూడగానే పోల్చుకున్నాను. కాళ్ళకి దణ్ణం పెట్టి, ఎవరో చెప్పుకుని, కథంతా మొదలుపెట్టాను. స్విచ్చిలు, సముద్రం ఒడ్డు, ఆరు ఆటోలు, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాను. ఇన్నేళ్ళలో ఎన్నో ఆఫీసుల్లో చెప్పి చెప్పి నునుపెక్కిన కథ, ఎక్కడ ఆగితే నవ్వుతారో నాకు బాగా తెలుసు. మేడమ్ నవ్వారు కూడా. చివర్లో "నాకు గుర్తే లేదు నాన్నా, ఇలగ జరిగిందేటి?" అన్నారు. నా బతుకుని తిప్పేసిన రోజు ఆవిడకి మామూలు శుక్రవారం! నేను ఇంకా తేరుకోకముందే బండి వచ్చింది. పెట్టె ఎక్కించాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, ఏదో చదువుతున్నట్టు నా మొహం కాసేపు చూసి, "అయితే ఆ రోజు పొద్దుటి బస్సెక్కి మూడు దాటేక వచ్చేవన్నమాట. మధ్యలో ఏమైనా తిన్నావేటి?" అన్నారు.

ఈ కథ ఇన్నిసార్లు చెప్పాను గానీ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఆలోచించాను. "లేదు మేడమ్" అన్నాను. "అయ్యో" అన్నారావిడ, నిజంగా బాధపడుతూ, అదేదో నిన్నటి సంగతైనట్టు. బండి కదిలింది. ఇరవై మూడేళ్ళ ఆ కుర్రాణ్ణి ఇన్నాళ్ళూ ఎగతాళి చేసి నలుగుర్నీ నవ్వించానే గానీ, వాడికి ఆ రోజు ఎంత ఆకలేసి ఉంటుందో అప్పుడే మొదటిసారి అనిపించింది. బయటికొచ్చి ఎదురుగా కనబడ్డ హోటల్లోకి వెళ్ళి, ఆకలి లేకపోయినా, ఒక ప్లేటు ఇడ్లీ చెప్పాను.