డిస్కు వైపు తిప్పిన ఫ్యాన్

మద్దిలపాలెం డిపోలో భీమిలి బస్సు కోసం నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. ఫోన్లో ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా మాట్లాడింది.

"ఒరే బాబూ, టీచరమ్మగోరు ఎల్లిపోయార్రా. పొద్దుట సేపలట్టుకెల్తే గుమ్మం కాడ జనం. ఊపిరందక పోయారంట."

బస్సు వచ్చింది, వెళ్లింది. నాకు ముందు కోపం వచ్చింది. నాకు ఏదొచ్చినా ముందు కోపంగానే వస్తుంది. కానీ ఈ కోపం ఎవరి మీద రాయాలో తెలియలేదు. కరపత్రం వేయాలంటే ఎదుట ఎవరో ఒకరు ఉండాలి కదా.

టీచరమ్మ వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఉండేవారు. బడిలో లెక్కలు చెబుతూనే, సాయంత్రాలు ఇంటి ముందుగదిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేవారు. బడి మానేశాక కూడా ఆ గది, ఆ పాత కంప్యూటర్ అలాగే ఉండిపోయాయి. తెల్లగా కొన్న డబ్బా పసుపు రంగుకు తిరిగింది. ఆదివారం చర్చిలో పంచే పాటల కాగితాన్ని దాని మీదే కొట్టేవారు. ఆ పాత తెలుగు అక్షరాలు కొత్త యంత్రాల్లో పిచ్చిగీతలైపోతాయి మరి.

నేను మొదట వెళ్లింది నా కరపత్రం టైపు చేయించుకోవడానికే. నా చదువు కాలేజీలో కొంత, సభల దగ్గర చేతికిచ్చిన కాగితాల్లో ఎక్కువ. పోర్టు బొగ్గు గుట్టల నుంచి మా పేట మీద పడే నల్లధూళి గురించి మండిపడుతూ రాసి పట్టుకెళ్లాను. టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని చదివి, పెన్ను తీసి, ఆశ్చర్యార్థకాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశారు.

"అరుపులు బానే ఉన్నాయిరా. మాటలేవీ? ధూళి ఎక్కడ పడుతోందో రాయి. అన్నం మీదా, ఉతికిన బట్టల మీదా? అది చదివితే వాళ్లకే కోపం వస్తుంది. నువ్వు తెచ్చి ఇవ్వక్కర్లేదు."

ఆ తర్వాత ప్రతి కరపత్రమూ ఆవిడ పెన్ను కింద నుంచే వెళ్లింది. ఇప్పుడు రాస్తున్న ఇది కూడా వెళ్లి ఉంటే సగానికి తగ్గేది.

ఒక రోజు నా ఇంటి పేరు చూసి, "మీ నాన్నకి వేటకు పట్టుకెళ్లే బోటు కార్డు నేనే చేశాను. ఫొటో స్కాన్ చేసింది ఇక్కడే" అన్నారు.

పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. నేను పాకే వయసులో ఉండగా మా నాన్న సముద్రం మీద వేటకు వెళ్లి తిరిగి రాలేదు; కార్డూ ఆయనతోనే పోయింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటో తుపాను నీళ్లలో తడిసి, అద్దానికి అతుక్కుపోయి, ముఖం చెరిగిపోయింది. అమ్మ ఇప్పటికీ ఆ అద్దానికే దండ వేస్తుంది. నాన్న ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు.

"ఆ ఫొటో ఇంకా ఉందా?" అన్నాను. 

"ఉండాలి. కానీ డిస్కు పోయేలా ఉందిరా."

కంప్యూటర్ ఆన్ చేస్తే టిక్, టిక్ మని, ఆగి, మళ్లీ టిక్ మంది. తప్పు ఎక్కడుందో ఆవిడే చూపించారు. మా వైపు ఇళ్లలో ధూళికి భయపడి టీవీకీ మిక్సీకీ అన్నింటికీ గుడ్డ తొడుగులు కుడతారు. టీచరమ్మ తన కంప్యూటర్‌కీ లేసు అంచుతో ముచ్చటగా కుట్టారు. కిటికీ సందుల్లోంచి ధూళి వచ్చే రోజుల్లో, పని చేస్తున్నా సరే, తొడుగు తీసేవారు కాదు. లోపల వేడికి డిస్కు ఏళ్ల తరబడి ఉడికింది.

"ధూళి రాకూడదని గాలి కూడా రాకుండా చేశాను" అన్నారు, తొడుగు మడిచి పక్కన పెడుతూ.

డిస్కు బయటికి తీసి, బంగారు రంగు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక అడాప్టర్ పెట్టి నా లాప్‌టాప్‌కి కలిపారు. తెర మీద డ్రైవ్ గుర్తు కనిపించగానే నా చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటిచ్చారు.

"తెరవకు. ముందు మొత్తం కాపీ. చూడ్డం తర్వాత."

"ఆ ఒక్క ఫొటో తీసుకుంటే చాలదా?"

"వెతికితే దాని ఓపికంతా వెతుకులాటకే పోతుంది. మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం. రాని చోట ఆగకుండా దాటేద్దాం. మిగిలినవి మళ్లీ వచ్చి అడుగుదాం."

"మా నాన్న ముఖం మీద నాకు హక్కు లేదా టీచరమ్మా?"

"నీకు హక్కుందిరా. దానికే ఓపిక లేదు." ఆవిడ నవ్వారు. "అయినా నేను కార్డులు చేసిన పేట పేటంతా అందులో ఉంది. కరపత్రంలో 'మనం, మనం' అని రాస్తావు. ఇక్కడేటి, 'నాకు' అంటన్నావు?"

 అది మే నెల. ఆ గదిలో ఉన్నది ఒక్క టేబుల్ ఫ్యాన్. టీచరమ్మ దాన్ని డిస్కు వైపు తిప్పి, పైకొంగుతో మెడ తుడుచుకుంటూ, నా కరపత్రం ఒకటి తీసి మడిచి విసురుకున్నారు.

"నీ రాతలో చల్లదనం ఉందిరా, ఇవాళే తెలిసింది."

అలా కొన్ని మధ్యాహ్నాలు గడిచాయి. టిక్ శబ్దం ఎక్కువైతే ఆపేసేవారు. "ఆయాసపడేవాళ్లని పరిగెత్తించకూడదు" అనేవారు. డిస్కు చల్లబడేదాకా నాకు టీ ఇచ్చి, చర్చి పాటల్లో అచ్చుతప్పులు దిద్దించేవారు. దేవుడి మీద నాకున్న అభ్యంతరాలన్నీ ఓపిగ్గా విని, "సరే, ఈ దీర్ఘం చూడు ముందు" అనేవారు.

మొదటి విడత కాపీ అయ్యాక, డిస్కు జోలికి పోకుండా, కాపీలోంచి ఫొటో తెరిచారు. ఆ పాత రకం ఫైలు బొమ్మను కింది నుంచి పైకి దాచుకుంటుందట. చొక్కా గుండీ వచ్చింది. గడ్డం వచ్చింది. మీసం వచ్చింది. ఆ పైన అంతా నల్లని పట్టీలు.

"గడ్డం నీదే" అన్నారు టీచరమ్మ.

తర్వాతి మధ్యాహ్నాల్లో దాటేసిన చోట్లకే మళ్లీ వెళ్లాం. ఒక్కో పట్టీ సన్నబడింది. ఒకసారి ముక్కు, ఒకసారి చెవి. ఒక రోజు రెండు కళ్లూ వచ్చాయి, కెమెరాకు కొంచెం భయపడుతూ. చివరికి నుదుటి మీద అడ్డంగా ఒక నల్ల పట్టీ మిగిలింది. ఎన్నిసార్లు అడిగినా డిస్కు దాన్ని ఇవ్వలేదు. ఆ తర్వాత తిరగడమే మానేసింది.

"ఇప్పుడు దీన్ని పూడ్చే యాప్‌లున్నాయి. నిమిషంలో నుదురు గీసిస్తాయి" అన్నాను.

"ఇచ్చేస్తాయి. ఎవరి నుదురు?" అన్నారు ఆవిడ. "దొరకనిది దొరకలేదనే ఉండనీరా. మీ అమ్మని తీసుకురా."

అమ్మ చేపల తట్ట గుమ్మంలో దించి, చేతులు కడుక్కుని, చీరకు తుడుచుకుని వచ్చింది. తెర ముందు నిలబడింది.  టీచరమ్మ విసురుకోవడం ఆపేశారు.

"ఆ నల్లగా ఉన్న చోటు మాత్రం రాలేదమ్మా. క్షమించు" అన్నారు.

"ఏది?" అంది అమ్మ. వేలు ఎత్తి ఆ పట్టీ మీద పెట్టింది. "ఇదా? ఓలమ్మ, అక్కడే గదండీ తలగుడ్డ కట్టీవోడు! పడుకున్నా ఇప్పీవోడు కాదు. కార్డుకని ఇప్పమంటే రోజల్లా నా మీద ఇసుక్కున్నాడు." కళ్లు కారుతుండగానే నవ్వింది. "సూడు, మళ్లీ కట్టీసుకున్నాడు."

ఆ ఫొటో అలాగే, పట్టీతోనే, మా ఇంట్లో ఉంది. పేటలో మిగతా వాళ్ల ముఖాలు కూడా వచ్చాయి. టీచరమ్మ నన్ను ఇల్లిల్లూ తిప్పించి ఇప్పించారు. ఏ గుమ్మంలోనూ నన్ను ఉపన్యాసం చెప్పనివ్వలేదు. "ఇచ్చి, మంచినీళ్లు తాగి రా" అన్నారు, అంతే.

సమాధి దగ్గర పాటలయ్యాక టీచరమ్మ ఇంటికి వెళ్లాను. పాటల కాగితం ఈసారి ఎవరో కొత్త కంప్యూటర్‌లో కొట్టారు. ఒక దీర్ఘం తప్పు పడింది. జేబులోంచి పెన్ను తీసి దిద్దాను.

వచ్చినవాళ్ల కోసం ముందుగది కిటికీలు బార్లా తెరిచి ఉంచారు. లేసు తొడుగు మడత పెట్టినది పెట్టినట్టే ఉంది. పసుపు డబ్బా మీద సన్నగా నల్లధూళి పడుతోంది, ఎవరూ కప్పలేదు. టేబుల్ ఫ్యాన్ ఇంకా దాని వైపే తిరిగి ఉంది. స్విచ్ వేసి లేదు. సముద్రం గాలి తగిలినప్పుడల్లా రెక్కలు ఒక చుట్టు తిరిగి ఆగుతున్నాయి.