ముడి విప్పే ఆపరేషన్

పిల్లలు పుట్టకుండా నాకు ఆపరేషన్ అయింది మొదటి పెళ్లిలో, రెండో కాన్పు తర్వాత. ఆ మనిషి పోయాక, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని రెండో పెళ్లి మీద గౌలిపురలో పాలు అమ్మే ఇంటికి వచ్చాను. ఏడాది తిరగకముందే మా అత్తకు మనవడు కావాలనిపించింది. నా కూతుళ్లను ‘నీ పిల్లలు’ అనేది. వింటే ఒళ్లు మండేది.

ఆ ఆపరేషన్‌ను మళ్లీ సరిచేస్తారని ఎవరో ఆమె చెవిన వేశారు. అంతే, నన్ను ఆటోలో వేసుకుని శాలిబండలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

"ట్యూబులకు రింగులు వేశారా, ముడేసి మధ్యలో ముక్క కోసేశారా?" అని డాక్టరమ్మ నన్నడిగింది. ఆపరేషనప్పుడు మత్తులో ఉన్నదాన్ని, నాకేం తెలుసు?

మా అత్త అందుకుంది. "ముడే అయ్యుంటది. జర నిమ్మలంగ ఇప్పుండ్రి."

"ముక్క తీసేసి ఉంటే మిగిలిన కొసలు కలిపి కుట్టాలమ్మా. ఎంత మిగిలిందో పొట్ట తెరిస్తేగానీ తెలియదు. కుట్టినా గర్భం వస్తుందని మాటివ్వలేను."

"అతుకేసుడే గద. మస్తు చూసిన."

ఇంటికి రాగానే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, బర్రెను కట్టే కొత్త పలుపు తీసి, మధ్యలో జానెడు ముక్క కోసి పారేసింది. రెండు కొసలూ పేని అతికింది. అతుకు గట్టిగానే ఉంది, కాదనను. ఆ పలుపుతో బర్రెను గుంజకు కట్టింది. కుడితి తొట్టి దాకా దాని మూతి అందలేదు. అది మెడ సాచి ఒకటే అరుపు.

నోట్లో నాలుక లేని మా ఆయన వచ్చి, "తొట్టి ఇటు జరిపితే అయిపాయె" అన్నాడు.

"దీని కడుపుల తొట్టి యాడ జరుపుతవురా?" అంది అత్త, నన్ను చూపిస్తూ. కోసి పారేసిన పలుపు ముక్కను ఏరుకుని నా ముందు కూర్చుంది.

"మల్ల కడుపు కోస్తరా బిడ్డా?"

"కోస్తరు అత్తమ్మా."

"నీకు కావాల్నా?"

ఆ మాట నన్నెవరూ అప్పటిదాకా అడగలేదు. "వద్దు. నాకు భయమైతుంది. నాకు ఇద్దరున్నరు" అన్నాను. ఆమె కొంగు దులుపుకుని లేచి వెళ్లింది. ఇక ఈ ఇంట్లో మా ముగ్గురి పని అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం పాలకొచ్చిన పక్కింటామె, "కోడలికి ఆపరేషన్ ఎప్పుడు?" అని అడిగింది.

"ఎందుకే? ఇద్దరు మనవరాండ్లు ఉన్నరు గద నాకు" అంది మా అత్త, పాలు కొలుస్తూనే. "గిన్నె సక్కగ పట్టు."

నేను లోపల పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. బయట బర్రె ఇంకా అరుస్తోంది. పలుపు మార్చాలని ఎవరికీ గుర్తు రాలేదు.