పదకొండో ముక్క

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో నేను గుడ్డ కత్తిరించే మనిషిని. ఎంత గుడ్డకు ఎన్ని ప్యాంట్లు తెగుతాయో కాగితం లేకుండానే చెబుతాను, ఎవరూ నేర్పలేదు. పేకముక్కల మ్యాజిక్ కూడా అలాగే పట్టుబడింది. ఏటా ఆయుధపూజ నాడు మిషన్లకు కుంకుమ పెట్టి బొరుగులు పంచాక, నాకు కాసేపు ఇస్తారు.

నాది ఒకటే ఆట. ఇరవై ఒక్క ముక్కల్లో ఒకదాన్ని ఎవరైనా మనసులో అనుకోవాలి. మూడు కుప్పలుగా పంచి, నీ ముక్క ఏ కుప్పలో ఉందో చెప్పమంటాను. ఆ కుప్పను మిగతా రెంటి మధ్యలో పెట్టి మళ్లీ పంచుతాను. మూడుసార్లు అయ్యేసరికి ఆ ముక్క పదకొండోదిగా వచ్చి కూర్చుంటుంది. తప్పదు. అదే నా ఖర్మ. రెండోసారి పంచేటప్పటికే ఫోన్లు బయటికొస్తాయి. చివర్లో సరైన ముక్క చూపిస్తే, "లెక్కే కదన్నా ఇది," అంటారు.

ఈసారి మేస్త్రి ముందే చెప్పేశాడు: "అన్నా, ఈ తూరి కూడా ఒక్కరూ నోరు తెరవకపోతే వచ్చే ఏడు పాటలు పెట్టుకుంటాం. ఏమనుకోవద్దు."

దాంతో ఆటను మార్చాను. ముక్కలన్నీ నా చేతిలోనే తిరిగితే చూసేవాళ్లకేం పని? కుప్పలు వాళ్ల చేతికే ఇవ్వాలి. వాళ్లు చూసుకునేంతసేపు నేను గోడవైపు తిరిగి నిలబడాలి. చివరి ముక్కను కూడా వాళ్లే తిప్పాలి. ఇంట్లో మా ఆవిడ మీద ఎన్నోసార్లు చేసి చూశాను. ఒక్కసారీ తప్పలేదు. ఆమెకు పేకాట రాదు.

పూజ రోజు అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ అక్కను పిలిచాను. ఆదివారాలు వాళ్లింటి వసారాలో రమ్మీ ఆడుతుంది. మూడోసారి కుప్పలు ఇచ్చినప్పుడు ఆమె కొంచెం ఎక్కువసేపు తీసుకుంది. గోడవైపు ఉన్న నాకు అది ఉత్కంఠలాగే అనిపించింది. తర్వాత ఆమే లెక్కపెట్టి పదకొండోది తిప్పింది.

"కళావరు ఎనిమిది. నాది ఇది కాదప్పా."

"అక్కా, ముక్కలు కదిపినావా?"

"సర్దకుండా ఎట్ల పట్టుకుంటారప్పా? ఆటీన్లు ఒక పక్క, ఇస్పేట్లు ఒక పక్క పెట్టినా. నీవి మరీ అడ్డదిడ్డంగా ఉండాయి."

యూనిట్ అంతా గొల్లున నవ్వింది. ఇస్త్రీ బల్ల దగ్గరి నుంచి ఒకాయన అరిచాడు: "అన్నా, గోడకు తిరిగి ఏం లెక్కేసినావు, ఇటుకలా?"

మేస్త్రి కళ్లు తుడుచుకుంటూ వచ్చి భుజం తట్టాడు. "పాటలు వద్దులేన్నా. వచ్చే ఏడూ నువ్వే. ఇట్లే తప్పు చెప్పు, సాలు."

ఇన్నేళ్లూ సరిగ్గా చెప్పినందుకు ఆవలింతలు. ఒక్కసారి తప్పినందుకు ఈలలు.

"ఇంతకీ నీ ముక్క యాదక్కా?" అన్నాను.

"మ్యాజిక్ చేసేది నువ్వా, నేనా? నువ్వే కనుక్కో."

కనుక్కోవడం కష్టం కాదు. ఆమె చివరిగా చూపించిన కుప్పలో ఉన్నవి ఏడే. కళావరు ఎనిమిది పోతే ఆరు. ఆమె మిషన్ పక్కగా పోయినప్పుడల్లా ఒక్కోటి అడుగుతూ వచ్చాను. మిషన్ ఆపకుండానే "కాదు పో" అంటుంది. నిన్న ఆరోది అడిగాను. దానికీ "కాదు పో" అంది. ఇక మిగిలింది ఆ రోజు ఆమె తిప్పిన కళావరు ఎనిమిదే.