క్రీక్ మీద పడిన రాతివంతెన నీడ

తర్కశాస్త్రం చదువుకున్నవాణ్ణి. దయ్యాల కథలు చెప్పేవారిని ఎదురు ప్రశ్నలతో వేధించి నోరు మూయించిన చరిత్ర నాది. అందువల్లనే ఈ సంగతి వ్రాయడానికి ఇన్నేళ్లు జంకాను.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర దుబాయిలో, ఓడరేవు కొలతల పని చేసే ఒక ఆంగ్లేయ కార్యాలయంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. అక్కడి సర్వేయరు వృద్ధుడు. మేము ఆయనను దొర అనేవాళ్లం. ఇంగ్లాండులో నదీతీరాన వెలసిన ఒక పాత పట్టణం ఆయనది. సాయంకాలం క్రీక్ ఒడ్డున, ఊరి నడుమకు చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయ పక్కన, కూర్చుంటే ఆ ఊరి వైభవమే చెప్పేవాడు: గుట్ట మీద శిథిల దుర్గం, వారపు సంత జరిగే రాతి చావడి, అన్నిటినీ మించి నదిపై కమానుల వంతెన. దాని నడుమ పూర్వం చిన్న ప్రార్థనామందిరం ఉండేదట. ఆ మందిరం కూలిపోయి తరాలు గడిచినా, పడవవాళ్లు ఆ కమాను కిందికి రాగానే నేటికీ టోపీ తీసి తల వంచుతారట. నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి. రేవు గొప్పలు చెప్పుకోవడంలో నేనూ తగ్గేవాణ్ణి కాను.

ఆ వేసవిలో దొర గుండెజబ్బు ముదిరింది. విమాన ప్రయాణం కూడదని వైద్యులు ఖండితంగా చెప్పారు.

"ఆ వంతెన కింద ఒక్కసారి దాటి కన్నుమూస్తే చాలు" అని అందరినీ బతిమాలేవాడు.

నీటిగాలి అయినా తగులుతుందని, ఒక మధ్యాహ్నం ఆయనను అబ్రా అనే రేవుపడవ ఎక్కించాను. మా డ్రైవరు మల్లయ్య, కరీంనగరు జిల్లావాడు, తోడు వచ్చాడు. దేరా ఒడ్డు విడిచి నడిమికి రాగానే దొర మెల్లగా టోపీ తీసి తల వంచాడు.

"పంతులూ, దొర ఎవలికి మొక్కుతుండు? ఈడ గుడి లేదు, గోపురం లేదు!" అని మల్లయ్య నవ్వాడు.

ఆ నవ్వు ముగియకముందే మా మీద నీడ పడింది. ఎండ మందగించడం కాదు. స్పష్టమైన అంచుతో, కమాను వంపుతో, పడవ ముందు నుండి వెనుకకు సాగిపోయిన నీడ. చల్లదనం. తడిరాతి వాసన. నా పెదవి మీద ఒక నీటిచుక్క రాలింది. క్రీక్ నీరు ఉప్పన. ఆ చుక్క తియ్యగా ఉంది.

పడవవాడు ఇంజను ఆపి, పైన ఏముండిందా అని తల ఎత్తి చూశాడు. "యా అల్లా! ఊపర్ క్యా థా?"

"మబ్బు సుత లేదు పంతులూ, నీడెట్ల వడ్డది?" మల్లయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ మేర క్రీక్ మీద వంతెన ఏదీ లేదు.

దొర మాత్రం టోపీ పెట్టుకొని, చుట్టాలకు సొంత ఊరు చూపించే మనిషి దర్జాతో, "ఎలా ఉంది మా వంతెన?" అని అడిగాడు.

ఆ తరువాత ఆయన ప్రయాణం మాట ఎత్తలేదు. చలికాలం రాకముందే ప్రశాంతంగా కన్నుమూశాడు.

నాకు తెలిసిన ప్రమాణాలన్నిటితోనూ తరచి చూశాను, ఏదీ నిలవలేదు. అది ఎట్లా జరిగిందో ఈనాటికీ చెప్పలేను. ఇంగ్లాండు గడ్డ మీద నేనెన్నడూ అడుగు పెట్టలేదు. కాని ఆ వంతెన కింద ప్రయాణం చేశాను. ఆ మాట గర్వంగానే చెప్పుకొంటాను.